స్విచ్ డ్రైవర్లు రాయించే మేనేజర్లకి పర్లాకిమిడి నుంచి ఒక మాట: కోడ్ రివ్యూకి టైం ఇవ్వండి

హైదరాబాద్, విశాఖ, బెంగళూరుల్లో నెట్‌వర్క్ స్విచ్‌లకి, అంటే కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెలకి, డ్రైవర్లు (లోపలి చిప్‌ని నడిపే ప్రోగ్రాములు) రాయించే టీమ్ లీడ్‌లకి, ప్రాజెక్ట్ మేనేజర్లకి నమస్కారం.

మీ ప్రాజెక్ట్ షీట్‌లో కోడింగ్‌కి ఇన్ని రోజులని ఉంటుంది, టెస్టింగ్‌కి ఇన్ని రోజులని ఉంటుంది, రిలీజ్‌కి తేదీ ఉంటుంది. రివ్యూకి, అంటే రాసిన కోడ్‌ని ఇంకొకరు కూర్చుని చదివి తప్పులు పట్టడానికి, మాత్రం ఏమీ ఉండదు. ఎవరో ఒకరు మధ్యలో తీరిక చేసుకుని చూస్తారులే అన్న ధీమా మీద అది నడిచిపోతుంది. ఆ షీట్‌లో రివ్యూకి కూడా రోజులు రాయండి, చదివినవాళ్లు ఆగమంటే ఆగండి అని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఊరికే అడిగితే ఎవరూ వినరు, కోడ్‌లో ఏం జరుగుతుందో చూపించి అడగాలి.

నేనుండేది పర్లాకిమిడిలో. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం, మహేంద్రతనయ దాటితే అవతల పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు గీత మా ఊరి పక్కనుంచే పోయింది గానీ ఇళ్లలో మాట మారలేదు. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగూ ఒడియా రెండూ. ఇక్కడే ఇంట్లో కూర్చుని లినక్స్ కెర్నల్‌లో (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) నెట్‌వర్క్ డ్రైవర్ల కోడ్ చదివి, ఎక్కడ బాగోలేదో చెప్పడం నా పని, అందులోనూ ఎక్కువగా స్విచ్ చిప్‌లవి. మీలాంటి కంపెనీలు పంపే కోడ్ ఒకవైపు, అదే కోడ్‌తో నడిచే పెట్టెలు మా జిల్లాలో ఆఫీసుల గోడల మీద ఇంకోవైపు, రెండూ కళ్ల ముందే ఉంటాయి కాబట్టి ఈ రెంటికీ మధ్య ఏం తప్పిపోతోందో నాకు బాగా కనిపిస్తుంది.

మీ ల్యాబ్‌లో స్విచ్ టేబుల్ మీద ఉంటుంది, కన్సోల్ కేబుల్ గుచ్చి ఉంటుంది, హ్యాంగ్ అయితే చెయ్యి చాపి ఆపి మళ్లీ వేస్తారు. మా దగ్గర అదే పెట్టె మోహన దాటాకో, ఆర్. ఉదయగిరి ఘాటీ ఎక్కాకో ఒక గదిలో ఉంటుంది, ఆ గది తాళం ఒకరి దగ్గర ఉంటుంది, ఆ మనిషి ఆ రోజు ఊళ్లో ఉండాలి. వానాకాలంలో ఘాటీ రోడ్డు మూసుకుపోతే అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు, కరెంటూ ఫోన్లూ రోడ్లూ ఒకేసారి పోయాయి. అలాంటి రోజుల తర్వాత కరెంటు ఒక్కసారిగా నిలకడగా రాదు, వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆ స్విచ్ బూట్ అవుతుంది. మీ కోడ్‌కి అసలు పరీక్ష అక్కడ.

ఒక ఆఫీసు సంగతి చెప్తాను. ఏ ఆఫీసో, ఏ కంపెనీ స్విచ్చో అక్కర్లేదు. చిన్న మేనేజ్డ్ స్విచ్, లోపల ఏఆర్ఎం ప్రాసెసర్, పక్కన స్విచ్ చిప్, మీద లినక్స్. కంప్యూటర్లకి ఒక వీల్యాన్ (ఒకే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్), సీసీ కెమెరాలకి ఇంకో వీల్యాన్, రెండూ కలిసి ఒకే ట్రంక్ పోర్టులోంచి పక్క బిల్డింగ్‌కి వెళ్తాయి. నెట్ ఉన్నట్టే ఉంటుంది, పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని పంపే చిన్న కబురు) వెళ్తుంది, పేజీ సగం తెరుచుకుంటుంది, స్కాన్ చేసిన కాగితం అప్‌లోడ్ చేయబోతే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. దరఖాస్తులు పట్టుకుని వచ్చినవాళ్లు బయట బెంచీల మీద, నెట్ లేదు రేపు రండి అంటే బస్సెక్కి వెళ్లిపోయి మళ్లీ వచ్చేవాళ్లు. కేబుల్ మార్చారు, అడాప్టర్ మార్చారు, కనెక్షన్ ఇచ్చినవాళ్లతో గొడవపడ్డారు. ఏమీ తేలలేదు.

పింగ్ మామూలుగా పంపేది 56 బైట్ల డేటా, హెడర్లన్నీ కలిపినా వంద బైట్ల చుట్టుపక్కలే ఉంటుంది, కాబట్టి ఎప్పుడూ వెళ్తుంది. అదే పింగ్‌కి 1472 బైట్లు ఇచ్చి, దారిలో ముక్కలు చేయొద్దని చెప్పి పంపితే జవాబు రాలేదు. 1472కి పింగ్ వాడే ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిస్తే సరిగ్గా 1500 అవుతుంది, ఈథర్‌నెట్‌లో ఒక్కో ఫ్రేమ్, అంటే ఒక్కో డేటా మూట, మామూలుగా మోసేది అంతే. తగ్గించుకుంటూ వస్తే 1468 దగ్గర జవాబు వచ్చింది. తేడా 4 బైట్లు, ఫ్రేమ్ ఏ వీల్యాన్‌దో చెప్పే ట్యాగ్ కూడా సరిగ్గా 4 బైట్లే.

కెర్నల్ జీపీఎల్ (సోర్స్ కోడ్ అందుబాటులో ఉండాలనే లైసెన్స్) కాబట్టి సోర్స్ అడిగితే ఇచ్చారు, ఆ విషయంలో ఆ కంపెనీవాళ్లకి కృతజ్ఞతలు. తెరిచి చూస్తే, చిప్‌కి గరిష్ఠ ఫ్రేమ్ పొడవు 1518 అని రాసి ఉంది. హెడర్ 14, డేటా 1500, చివర చెక్‌సమ్ 4, కలిపి 1518, పుస్తకాల్లో ఉండే లెక్కే. కానీ ట్యాగ్ ఉన్న ఫ్రేమ్‌కి 1522 కావాలి. అంతకన్నా పెద్దది వస్తే చిప్ దాన్ని అక్కడే పారేస్తుంది. అదే రౌటర్ అయితే ప్యాకెట్ పెద్దదైందని పంపినవాడికి కబురు చేస్తుంది, స్విచ్ రెండో లేయర్‌లో, అంటే ఐపీ అడ్రసుల జోలికి పోకుండా, పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పదు. పారేసిన ఫ్రేములని లెక్కపెట్టే ఓవర్‌సైజ్ కౌంటర్ చిప్‌లో ఉంది, పెరుగుతూనే ఉంది, డ్రైవర్ దాన్ని ఈథ్‌టూల్‌కి (ఇలాంటి లెక్కలు చూపించే కమాండ్‌కి) అందించలేదు కాబట్టి బయటివాళ్లెవరికీ కనిపించలేదు.

నన్ను బాధపెట్టింది ఆ 1518 కాదు, అలాంటివి ఎవరి చేతిలోనైనా పడతాయి. ఆ డ్రైవర్ మొత్తం, వేల లైన్లు, ఒకే కమిట్‌గా, అంటే ఒకే మార్పుగా, వచ్చింది, అదే రోజు ఎవరో 'బాగుంది' అని రాశారు, కలిసిపోయింది. వీల్యాన్ ఆన్ చేస్తే ఈ అంకె సరిపోతుందా అన్న ఒక్క ప్రశ్న చాలు దాన్ని పట్టుకోవడానికి, ఆ ప్రశ్న అడిగే తీరిక ఆ అడగాల్సిన మనిషికి ఎవరూ ఇవ్వలేదు.

రివ్యూ అంటే స్పేసులూ ట్యాబులూ చూడటం అనుకునే మేనేజర్లు ఇంకా ఉన్నారు. అది చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ చూసుకుంటుంది, ఎండియన్ (బైట్ల వరస) పొరపాట్లు స్పార్స్ అనే టూల్ చాలావరకు పట్టేస్తుంది, మనిషి టైం వాటి మీద పోనివ్వకండి. మనిషి చూడాల్సింది వేరే. స్విచ్ డ్రైవర్ చేతికొస్తే నేను ఎక్కడెక్కడ చూస్తానో చెప్తాను, ఇది ఎంత పనో మీకు అర్థం కావాలని.

ముందు ప్రోబ్ ఫంక్షన్‌లో (చిప్‌ని గుర్తించి సిద్ధం చేసే కోడ్‌లో) తప్పు జరిగే దారులు చదువుతాను, అన్నీ సరిగ్గా జరిగే దారిని రాసినవాళ్లు ఎలాగూ నడిపి చూసి ఉంటారు. స్విచ్ చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే ఈథర్‌నెట్ పోర్టు తాలూకు డ్రైవర్ ఇంకా లేవకపోతే, మన డ్రైవర్‌కి 'తర్వాత రా' అని కెర్నల్ చెప్తుంది, మళ్లీ మొదట్నించి పిలుస్తుంది. అంటే ప్రోబ్ రెండోసారి నడుస్తుంది. మొదటిసారి తీసుకున్నవన్నీ, ఇంటరప్టూ, ఎండీఐఓ బస్సూ (చిప్ రిజిస్టర్లని చదివే తీగలు), వర్క్ క్యూ, వెనక్కి ఇచ్చేశారా? ఎక్కువ డ్రైవర్లలో ఒకటో రెండో మిగిలిపోతాయి. ఇవి మీ ల్యాబ్‌లో కనిపించకపోవచ్చు, ఎందుకంటే మీ కెర్నల్ కాన్ఫిగ్‌లో ఆ వరస ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. రేపు ఎవరో ఒక డ్రైవర్‌ని మాడ్యూల్‌గా మారుస్తారు, వరస మారిపోతుంది, అప్పుడు బయటపడుతుంది.

తర్వాత, పోర్టు ఏ బ్రిడ్జ్‌లోనూ (పోర్టులని కలిపి ఒకే నెట్‌వర్క్ చేసే గుంపులో) లేనప్పుడు ఏం చేస్తుంది? లినక్స్ లెక్క ప్రకారం అది విడి నెట్‌వర్క్ కార్డుతో సమానం, ప్రాసెసర్‌తో తప్ప పక్క పోర్టుతో మాట్లాడకూడదు. కానీ చాలా చిప్‌లు, బోర్డు మీద స్ట్రాప్ పిన్నులు (చిప్ ఎలా లేవాలో చెప్పేవి) ఎలా కట్టారన్నదాన్ని బట్టి, కరెంటు తగలగానే తమంతట తాము మామూలు స్విచ్‌లా అన్ని పోర్టులనీ కలిపేస్తాయి. బూట్‌లోడర్ వచ్చి, కెర్నల్ లేచి, డ్రైవర్ వచ్చేదాకా అదే పరిస్థితి. రెండు స్విచ్‌ల మధ్య ఒకటి తెగితే ఇంకోటి ఉంటుందని రెండు కేబుళ్లు వేసి ఉంటే, ఆ కాసేపూ అది లూప్, ఫ్రేములు ఆగకుండా చుట్టూ తిరుగుతాయి, అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ ఒక్కటి చాలు నెట్‌వర్క్ మొత్తం మునిగిపోవడానికి. ఇందాక చెప్పిన కరెంటు గుర్తుంది కదా, గంటలో ఎన్నిసార్లు వచ్చిపోతే అన్నిసార్లు. కాబట్టి రిసెట్ అవ్వగానే డ్రైవర్ చేసే మొదటి పని పోర్టులన్నీ మూయడమా కాదా అని చూస్తాను, దాంతోపాటు స్ట్రాప్‌లు ఎలా ఉన్నాయని హార్డ్‌వేర్ వాళ్లని కూడా అడుగుతాను. డ్రైవర్ రివ్యూలో హార్డ్‌వేర్ వాళ్ల పనేంటని అనకండి, వాళ్లని పిలవండి.

బ్రిడ్జ్‌లో చేరే కోడ్ అందరూ బాగానే రాస్తారు. వదిలి వెళ్లే కోడ్ చదవండి. పోర్టు బయటికి వచ్చాక పాత వీల్యాన్ సెట్టింగులు పోయాయా, నేర్చుకున్న మ్యాక్ అడ్రసులు (ఏ యంత్రం ఏ పోర్టులో ఉందన్న లెక్క) తుడిచారా? తుడవకపోతే మామూలుగా 300 సెకన్ల దాకా ఆ ఎంట్రీలు బతికే ఉంటాయి, ఆ అయిదు నిమిషాలూ ఫ్రేములు ఎవరూ లేని పోర్టుకి పోతుంటాయి.

లూప్ పడకుండా అదనపు దారిని మూసి ఉంచే స్పానింగ్ ట్రీ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. స్విచ్‌లు ఒకదానికొకటి పంపుకునే బీపీడీయూ ఫ్రేములు 01:80:సీ2:00:00:00 అనే అడ్రసుకి వెళ్తాయి. పోర్టు బ్లాకింగ్‌లో ఉన్నా సరే అవి ప్రాసెసర్‌కి చేరాలి. చిప్‌లో ఆ అడ్రసుకి ట్రాప్ పెట్టడం, అంటే వాటిని పట్టి ప్రాసెసర్‌కి పంపమనడం, డ్రైవర్ మర్చిపోయిందనుకోండి, రెండు వైపులా అదే పెట్టె అనుకోండి, ఒకరి మాట ఒకరికి వినపడదు, అవతల ఎవరూ లేరని రెండూ అనుకుంటాయి. లిజనింగ్‌లో 15 సెకన్లు, లెర్నింగ్‌లో 15 సెకన్లు, ఆ తర్వాత రెండు వైపులా పోర్టులు తెరుచుకుంటాయి, లూప్ పడుతుంది. అంటే కేబుల్ గుచ్చాక 30 సెకన్లకి గానీ తెలియదు. ఇరవై సెకన్లు చూసి 'లూప్ రాలేదు, పాస్' అని రాసేసిన టెస్ట్ రిపోర్టు నేను చదివాను. టెస్టు చేసినవాళ్లని ఏమీ అననక్కర్లేదు, ఎంతసేపు చూడాలో చెప్పాల్సినవాళ్లు రివ్యూలో లేరు, అంతే.

కౌంటర్ల సంగతి చిన్నగా కనిపిస్తుంది గానీ ఇక్కడ లెక్క చేయాలి. 32 బిట్ల బైట్ కౌంటర్ 1 గిగాబిట్ వేగంలో దాదాపు 34 సెకన్లలో నిండి మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. నిమిషానికోసారి చదివే డ్రైవర్ చెప్పేది అబద్ధపు లెక్క. సరే తరచుగా చదువుదామంటే, ఎండీఐఓ ప్రమాణం ప్రకారం క్లాక్ 2.5 మెగాహెర్ట్జ్, ఒక్క రిజిస్టర్‌కి 64 బిట్లు, అంటే దాదాపు 26 మైక్రోసెకన్లు, పరోక్షంగా చదవాల్సిన కౌంటరైతే దానికి మూడు నాలుగు రెట్లు, అలాంటివి పోర్టుకి ముప్పై నలభై ఉంటాయి. పైగా ఎండీఐఓ చదివేటప్పుడు డ్రైవర్ నిద్రపోవాల్సి రావచ్చు, కెర్నల్ గణాంకాలు అడిగేది నిద్రపోకూడని చోటునుంచి కూడా కావచ్చు. అందుకే వెనకాల ఒక వర్క్ పెట్టి, అది చదివి దాచిపెట్టి, అడిగినప్పుడు దాచిన లెక్క చెప్పాలి. ఇది తెలిసిన మనిషి ఒక్క చూపులో చెప్పేస్తారు, తెలియని మనిషి టెస్టులో ఏ తప్పూ చూడకుండా నెలలు గడిపేస్తారు.

ఆర్‌జీఎంఐఐ, అంటే ఈథర్‌నెట్ చిప్‌ల మధ్య డేటా నడిచే తీగలు, కూడా అంతే. గిగాబిట్ వేగంలో దాని క్లాక్ 125 మెగాహెర్ట్జ్, డేటా క్లాక్ రెండు అంచుల మీదా మారుతుంది కాబట్టి ఒక్కో ముక్కకి దొరికేది 4 నానోసెకన్లు, క్లాక్‌ని 2 నానోసెకన్లు ఆలస్యం చేస్తేనే సరిగ్గా మధ్యలో పట్టుకుంటుంది. ఆ ఆలస్యం బోర్డు కలుపుతోందా, ఫై చిప్ (కేబుల్ వైపు ఉండేది) కలుపుతోందా, మ్యాక్ (అడ్రసు కాదు, ఈథర్‌నెట్ ఫ్రేములు నడిపే భాగం) కలుపుతోందా? ఇద్దరు కలిపినా తప్పే, ఎవరూ కలపకపోయినా తప్పే. కెర్నల్ నెట్‌వర్కింగ్‌లో ఆండ్రూ లన్ గారు కొత్త బోర్డుల ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) వచ్చినప్పుడల్లా ఇదే ప్రశ్న ఓపిగ్గా అడుగుతూ ఉంటారు, అడగడం మానరు. అంచు మీద నడిచే టైమింగ్ మీ ఏసీ ల్యాబ్‌లో పనిచేస్తుంది, మే నెలలో రేకుల షెడ్డులో సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో చెడిపోయిన ఫ్రేములు, మొదలవుతాయి.

ఇంకొకటి, మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. రీబూట్. ప్రాసెసర్ వైపు ఈథర్‌నెట్ డ్రైవర్ షట్‌డౌన్‌లో తన ఇంటర్‌ఫేస్‌ని తీసేయబోతే, స్విచ్ డ్రైవర్ దాన్ని ఇంకా పట్టుకుని ఉంటే, ఆ ఇంటర్‌ఫేస్ ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తున్నానని కెర్నల్ మెసేజ్ వేసుకుంటూ అక్కడే ఉండిపోతుంది. 2021లో డీఎస్‌ఏ (లినక్స్‌లో స్విచ్ చిప్‌లని నడిపే పద్ధతి) డ్రైవర్లన్నిటికీ షట్‌డౌన్ ఫంక్షన్ చేర్చి దీన్ని సరిచేశారు, వ్లాదిమిర్ ఓల్టియన్ గారి పని అది. మీ డ్రైవర్ పాత డ్రైవర్‌ని చూసి రాసిందైతే ఆ ఫంక్షన్ ఉండకపోవచ్చు. ల్యాబ్‌లో ఎవరూ షట్‌డౌన్ దారి చదవరు. పర్లాకిమిడి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయ్యి) రీబూట్ కొట్టాక ఘాటీ మీది పెట్టె లేవకపోతే, ఒక మనిషి బండి వేసుకుని ఆ గది దాకా వెళ్లి ప్లగ్ తీసి పెట్టాలి.

ఇదంతా చదవడానికి టైం పడుతుంది, కోడ్ వచ్చే తీరు బాగుంటే సగం అవుతుంది. లినక్స్ నెట్‌వర్కింగ్ వాళ్లు ఒక సిరీస్‌లో 15 ప్యాచ్‌లకి మించి పంపొద్దంటారు. మనుషులు ఒక్కసారి కూర్చుని చదవగలిగింది అంతే అని వాళ్లకి అనుభవం మీద తెలుసు. మీ ఆఫీసులో కూడా ఆ పద్ధతి పెట్టండి. మొదట పోర్టులు విడిగా లేచి ప్రాసెసర్‌తో మాట్లాడితే చాలు, తర్వాత బ్రిడ్జ్, తర్వాత వీల్యాన్, తర్వాత కౌంటర్లు. ఒక్కో ప్యాచ్ ఒక్కో పని. సంవత్సరం రహస్యంగా రాసి చివర్లో అంతా ఒకేసారి కుమ్మరించొద్దు, అప్పుడు రివ్యూలో 'ఈ లాకింగ్ మొత్తం మార్చాలి' అని చెప్పినా మార్చే టైం ఎవరికీ ఉండదు, చెప్పిన మనిషి అందరికీ అడ్డంగా కనిపిస్తారు.

కమిట్ మెసేజ్‌లో ఏం మార్చారో కాదు, ఎందుకు మార్చారో రాయించండి. ఏం మార్చారో కోడ్‌లోనే కనిపిస్తుంది. 'రిజిస్టర్ విలువ మార్చాను' అని రాస్తే నేను డేటాషీట్ వెతుక్కోవాలి, ఆ డేటాషీట్ నాకివ్వరు. 'ట్యాగ్ ఉన్న ఫ్రేములు ట్రంక్ పోర్టు దగ్గర పడిపోతున్నాయి, అందుకని 1522 చేశాను' అంటే పదేళ్ల తర్వాత చదివేవాళ్లకి కూడా తెలుస్తుంది. చదివేవాళ్లకి అర్థమయ్యేలా రాయాలని గిడుగు రామమూర్తి పంతులు గారు ఏళ్ల తరబడి పోరాడింది ఈ ఊళ్లో ఉంటూనే, కొండల్లోని సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించడానికి తిరిగిందీ ఇక్కడే. మా ఊరివాళ్లకి ఈ విషయంలో కొంచెం పట్టుదల ఎక్కువే ఉంటుంది.

మీ సొంత కమాండ్ల గురించి కూడా ఒక మాట. లినక్స్‌లో 2008లో 2.6.28 వెర్షన్‌తోనే డీఎస్‌ఏ వచ్చింది, 2015లో 3.19తో స్విచ్‌డెవ్ వచ్చింది, ఆ దారిలో రాస్తే స్విచ్ పోర్టుని మామూలు ఐపీ, బ్రిడ్జ్, ఈథ్‌టూల్ కమాండ్లతోనే నడపొచ్చు. అయినా ఎస్‌డీకే (చిప్ కంపెనీ ఇచ్చే కోడ్) మీద సొంత టూల్ ఒకటి, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు ఫైళ్లలా కనిపించే చోట) సొంత ఫైళ్లు కొన్ని, మాడ్యూల్ పారామీటర్లు ఇంకొన్ని పెట్టి పంపుతున్నారు. రాయగడలోనో గుణుపురంలోనో ఒక టెక్నీషియన్ ఉంటాడు, ఐటీఐ చదివి, యూట్యూబ్‌లో చూసి, బ్రిడ్జ్ కమాండ్ సొంతంగా నేర్చుకున్నవాడు. స్టాండర్డ్ పద్ధతిలో ఉంటే ఆ నేర్చుకున్నది ఏ కంపెనీ పెట్టె మీదైనా పనికొస్తుంది, మీకు ఫోన్ చేయకుండానే బాగుచేసుకుంటాడు. మీ సొంత టూల్ అయితే మీ సపోర్ట్ లైన్ ఎత్తేదాకా అతను కూర్చోవాలి. సొంత నాబ్ (సెట్టింగ్) పెట్టే ప్రతి ప్యాచ్‌కీ 'ఇది ఉన్న కమాండ్‌తో ఎందుకు కుదరదు' అని అడిగే హక్కు రివ్యూయర్‌కి ఇవ్వండి, జవాబు లేకపోతే ప్యాచ్ వెనక్కి పోవాలి.

ఇప్పుడు మనుషుల సంగతి. మా గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివిన పిల్లలు మీ టీముల్లో ఉన్నారు, సెలవులకి ఇంటికొస్తే నన్ను కలుస్తారు. కాశీనగరం కుర్రాడొకడు మొన్న అన్నాడు, "అన్నా, అప్రూవ్ చేయమని నా దగ్గరికి వస్తుంది, కోడ్ రాసింది మా సీనియర్, ఆయనకి నేను వంక పెడితే బాగోదు కదా, పైగా సాయంత్రానికి కలిపేయాలంటారు" అని. "ఏదైనా అర్థం కాలేదా?" అంటే, "రిజిస్టర్ చదివేచోట పేజీ మార్చి మళ్లీ చదువుతున్నారు, మధ్యలో ఇంకొకరు పేజీ మారిస్తే ఎలా అనిపించిందన్నా, కానీ నాకే తెలియదేమో అనుకున్నా" అన్నాడు. ఆ పిల్లాడికి అనిపించింది అక్షరాలా నిజం. పేజీ మార్చడం, చదవడం రెండూ ఒకే లాక్ కింద, మధ్యలో ఇంకొకరు దూరకుండా, జరగాలి, లేకపోతే ఒక పోర్టు కౌంటర్ అడిగితే ఇంకో పోర్టుది వస్తుంది, అదీ ఎప్పుడో ఒకసారి. వాడు చూశాడు, అడగలేకపోయాడు.

ఇది వాడి భయం అని వదిలేయకండి, మీరు పెట్టిన పద్ధతి అది. అప్రూవల్స్ ఎంత తొందరగా ఇచ్చారో లెక్కపెట్టి రేటింగ్ ఇస్తే ఎవరు ప్రశ్న అడుగుతారు? కెర్నల్‌లో రివ్యూడ్-బై అని పేరు పెట్టడమంటే నేను దీన్ని సాంకేతికంగా చదివాను, నా అభ్యంతరాలన్నిటికీ రాసినవాళ్ల దగ్గర్నుంచి సరైన జవాబు వచ్చింది, దీన్ని చేర్చుకోవచ్చని నమ్ముతున్నాను అని అందరి ముందూ చెప్పడం. అంత బరువున్న మాట సాయంత్రంలోపు కావాలని ఎవరూ అడగకూడదు. సగం అర్థమైతే 'ఈ రెండు ఫైళ్లు చదివాను, లాకింగ్ నాకు తెలియదు, ఇంకెవరైనా చూడాలి' అని రాయనివ్వండి, అలా రాసినవాళ్లని మెచ్చుకోండి. సీనియర్ కోడ్ మీద ప్రశ్న వస్తే సీనియరే ముందు థాంక్స్ చెప్పాలి, అది టీమ్ లీడ్ అందరూ చూసే చోట చేసి చూపిస్తే నెల తిరిగేసరికి మీ టీమ్‌లో ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

రివ్యూ చేసేవాళ్ల టేబుల్ మీద ఆ బోర్డు ఉండాలి. కోడ్ కళ్లతో చదివితే చాలదు, అనుమానం వచ్చినచోట నడిపి చూడాలి. కెర్నల్ సోర్స్‌లోనే నెట్ ఫార్వార్డింగ్ సెల్ఫ్‌టెస్టులు ఉన్నాయి, వీల్యాన్ తెలిసిన బ్రిడ్జ్‌కి, తెలియని బ్రిడ్జ్‌కి, మల్టీకాస్ట్‌కి విడివిడిగా. పోర్టుల మధ్య కేబుళ్లు గుచ్చి వాటిని నడిపి, ఫలితం ప్యాచ్‌తో పాటు పంపమనండి. వాటికి తోడు మా కోసం రెండు కలపండి. వీల్యాన్ ఆన్‌లో ఉండగా 1472 బైట్ల పింగ్, కేబుల్ లూప్ పెట్టి కనీసం రెండు నిమిషాలు. ప్లగ్ పదిసార్లు తీసి పెట్టి చూడటం, దూరం నుంచి రీబూట్ కొట్టి చూడటం కూడా చేస్తే ఇంకా మంచిది, ఖర్చేమీ లేదు.

టైం లేదంటారని తెలుసు. కస్టమర్ తేదీ, టెండర్ తేదీ, మీ మీద ఉండే టెన్షన్ నాకు తెలుసు, నేనూ ఆ తేదీల మధ్యే పనిచేస్తాను. కానీ ఇందాకటి ఆ 4 బైట్లకి కంపెనీ ఫర్మ్‌వేర్ మళ్లీ తయారు చేసి, మళ్లీ టెస్టు చేసి, జిల్లాల్లో ఉన్న పెట్టెలన్నిటికీ పంపాల్సి వచ్చింది, కొన్నిటికి మనిషినే పంపాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఎవరి ప్రాజెక్ట్ షీట్‌లోనూ రివ్యూ పేరు మీద రాయరు కాబట్టి రివ్యూ ఎంత మిగులుస్తుందో మీ పైవాళ్లకి కనిపించదు. కనిపించేలా మీరే రాయాలి. ఫీల్డ్‌లో బయటపడిన ప్రతి తప్పు పక్కనా ఒక్క లైను చేర్చండి: ఇది ఏ ప్యాచ్‌లో వచ్చింది, దాన్ని ఎవరు చదివారు అని కాదు, చదవడానికి ఎన్ని గంటలు ఇచ్చాం అని. ఆ వరసలో సున్నాలు కనిపిస్తే మీ పైవాళ్లతో మాట్లాడటానికి అది చాలు.

ఇప్పుడు మీ దగ్గర కలపడానికి సిద్ధంగా పెట్టిన స్విచ్ డ్రైవర్ ఏదైనా ఉంటే, ఈ రిలీజ్‌కి కాకపోయినా తర్వాతదానికి, ముక్కలు చేసి బయటికి పంపండి. అందరూ చదివే చోటికి పంపితే నేనూ చదువుతాను, డబ్బు అడగను. మా కుర్రాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లని కూడా కూర్చోబెట్టి చదివిస్తాను. బోర్డు ఒకటి పంపగలిగితే ఇంకా బాగుంటుంది, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుందో చూడటానికి మాకు ఇక్కడ ప్రత్యేకంగా ఏర్పాట్లేమీ అక్కర్లేదు.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక డ్రైవర్ రివ్యూయర్